గోవా పోకర్ టేబుల్ మీద ఓడిన రాత్రి: డబ్బు ఒకచోట పోయింది, బాధ ఇంకోచోట వేసింది

గోపాల్‌పూర్_గాలి (బరంపురం)

అందరికీ నమస్కారం. నేను ఇక్కడ చదవడమే ఎక్కువ, రాయడం తక్కువ. ఇప్పుడు వాస్కో నుంచి అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో తిరిగొస్తున్నాను. బండి నంద్యాల దాటింది. నిద్ర పట్టక రాస్తున్నాను, కాస్త పొడుగైతే ఓర్చుకోండి.

పంజిమ్‌లో మాండవి నది మీదున్న పడవ కాసినోల్లో ఒకదానిలో శనివారం రాత్రి పోకర్‌కు కూర్చున్నాను. 100/200 టేబుల్, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందేలు (బ్లైండ్లు) 100, 200. 20 వేలతో మొదలుపెట్టాను. మొదటి రెండు గంటలు ముక్కలు బాగా పడ్డాయి, 29 వేలు అయింది. అప్పుడు రెండు ఆసులు వచ్చాయి. ఎదురుగా ఉన్నాయన దగ్గర రెండు రాజులు. అందరికీ కలిపి టేబుల్ మీద పరిచే ఐదు ముక్కల్లో ఒక్కటీ పడకముందే ఇద్దరం ఆల్ ఇన్, అంటే ఉన్నదంతా పందెంలోకి తోసేశాం. ఆయన దగ్గరున్నది 18 వేలు. చివరి ముక్క, రివర్‌లో, కళావర్ రాజు పడింది. ఆయనకు మూడు రాజులు, నా 18 వేలు పోయాయి.

చేతులు వణికాయి కానీ మనసు పాడవలేదు. నిజంగానే. ఆడవలసినట్టే ఆడాను, ముక్క అలా పడింది, అంతే అనుకున్నాను. ఇంకో 20 వేలు తీసుకున్నాను.

గంట తర్వాత జరిగింది అసలు సంగతి. పాట్‌లో, అంటే అందరూ పెట్టిన డబ్బు పోగులో, ఉన్నది 4 వేలు. నా దగ్గర రాణుల జత. రివర్‌లో ఒక ఢిల్లీ ఆసామి 2,500 పెట్టాడు. బోర్డు మీద, అంటే పరిచిన ముక్కల్లో, ఆసు ఉంది, నేను ఫోల్డ్ చేశాను, నా ముక్కలు పారేశాను. ఆయన ముక్కలు తిప్పి చూపించాడు. ఏడు, రెండు. జత కూడా లేదు. నవ్వలేదు కూడా, వెయిటర్‌ను పిలిచి టీ అడిగాడు. ఒళ్లు మండిపోయింది. 18 వేలు పోయినప్పుడు రాని కోపం నాది కాని 4 వేల పాట్‌కు వచ్చింది. ఆ టీ కప్పు తెల్లారిదాకా నా కళ్లముందే ఉంది.

తర్వాత మెల్లగా కరిగింది. మూడోసారి 20 వేలు తీసుకున్నాను. రాత్రి రెండుంపావుకు నా ముందు 12 వేలున్నాయి, అంటే 48 వేలు లోటు. అప్పుడు ఇస్పేట్ ఫ్లష్ (ఐదూ ఇస్పేట్లే) పడింది, ఇద్దరు కాల్ చేశారు, అంటే నా పందేనికి సమానంగా డబ్బు పెట్టారు. 12 కాస్తా 34 వేలైంది. ఆ సంతోషం ఏం చెప్పను! డీలర్‌కు టిప్పు ఇచ్చాను, పక్కవాళ్లతో జోకులు వేశాను. ఆ రాత్రి నేను 29 వేలతో లాభంలో ఉన్నప్పుడు కూడా అంత సంతోషంగా లేను. 26 వేలు లోటులో ఉండి మా పెద్దోడి బారసాల నాడు ఉన్నంత హుషారుగా ఉన్నాను.

ఐదింటికి అదీ పోయింది. మొత్తం 60.

డబ్బు సంగతి వదిలేయండి, అది పక్కన పెట్టుకున్న డబ్బే, ఇంట్లో తెలుసు. నేను అడిగేది ఇది. పెద్ద దెబ్బకు బాధ తక్కువ, చిన్న దానికి ఎక్కువ, లోటులో సంతోషం. ఇది నాకొక్కడికేనా, అందరికీ ఇంతేనా?

ఇచ్ఛాపురం_అల్లుడు (బరంపురం)

ముందు ఆ ఢిల్లీ ఆసామికి ఒక దండం. ఏడు-రెండుతో 2,500 పెట్టి టీ తాగాడా! గురూ, నువ్వు పోగొట్టుకున్న 60లో నాకైతే ఆ సీను ఒక్కటే 10 వేలు చేస్తుంది.

వేదిక_నిర్వాహకుడు

థ్రెడ్ సాగనివ్వండి, మంచి విషయమే. ఒక్క మాట ముందే: బరంపురం, రాయగడ, జెపూర్‌లలో ఎవరింట్లో ఆడిస్తున్నారు, ఏ గ్రూపులో చేరాలి వంటివి ఇక్కడ రాస్తే తీసేస్తాను. మనకు ఒడిశా జూద నివారణ చట్టం, 1955 వర్తిస్తుంది. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది కాబట్టి యాప్‌ల లింకులు కూడా వద్దు. గోవాలో లైసెన్సుతో నడిచే చోట జరిగిన ఆట గురించి మాట్లాడుకోవచ్చు.

నది_ముక్క (జెపూర్)

గాలి తమ్ముడూ, అందరికీ ఇంతే. నేను గోవాలోను, ఒకసారి కాఠ్‌మాండూలోను ఆడాను. ఓడిన రాత్రుల గురించి పుస్తకం రాసేంత సరుకు నా దగ్గరుంది, కొనేవాడే లేడు.

ఆసులు-రాజులు దెబ్బకు నువ్వు ఎందుకు నిలబడ్డావంటే అక్కడ నువ్వు చేయగలిగింది ఏమీ లేదు. ఆ రెండు చేతులు తలపడితే ఆసులు నూటికి 82 సార్లు గెలుస్తాయి. మిగతా 18లో నీ రాత్రి ఒకటి. టేబుల్ మీద వాళ్లంతా కూడా "అయ్యో" అన్నారు కదా, ఆ అయ్యో చాలా పని చేస్తుంది. ఏడు-రెండు దగ్గర అయ్యో అనేవాడు లేడు. పైగా అందరూ నిన్ను చూశారు. అక్కడ పోయింది పరువు, దానికి డబ్బు బదులు వాడే చిప్స్‌లో ధర లేదు.

కానీ నువ్వు గమనించావో లేదో, ఆయన ముక్కలు చూపించింది ఊరికే కాదు. ఫోల్డ్ అయ్యాక చూపించాల్సిన అవసరం లేదు. నువ్వు మండాలనే చూపించాడు. తర్వాత గంటసేపు ఆయన పందెం పెట్టినప్పుడల్లా నువ్వు కాల్ చేసి ఉంటావు. ఆ 2,500 మీద ఆయన లాభం అప్పుడు వసూలు చేసుకున్నాడు. టిల్ట్ ఎక్కించడం, అంటే ఎదుటివాడి బుర్ర తిప్పేయడం, కూడా ఆటలో భాగమే. తెలిసినవాడు దాన్ని పైసా కోపం లేకుండా చేస్తాడు.

లైవ్ ఆటలో ఇంకో కష్టముంది. గంటకు పాతిక, ముప్పై చేతులకు, అంటే ఆటలకు, మించి పంచరు. వాటిలో ముప్పావు వంతు పైగా నువ్వు పారేసి కూర్చుంటావు. ఆ కూర్చున్న సేపంతా బుర్ర ఊరుకోదు, పాత చేతిని మళ్లీ మళ్లీ ఆడుతుంది. రమ్మీలో చెయ్యి పోతే వెంటనే ఇంకో పదమూడు ముక్కలు పేర్చుకునే పని ఉంటుంది, మర్చిపోతాం. పోకర్‌లో రెండు ముక్కలు చూసి పారేయడానికి రెండు సెకన్లు. మిగతాదంతా నువ్వూ, ఆ టీ కప్పూ.

పర్లాకిమిడి_పెద్దాయన

నాయనా, మీరంతా చదువుకున్నవాళ్లు. ఫ్లష్షు, టిల్టు అని ఎన్ని పేర్లు పెట్టినా ఇది పేకాటే. మా నాన్నగారి కాలంలో కుమార పూర్ణిమ రాత్రి ఒడియా వాళ్లిళ్లలోను, మనిళ్లలోను తెల్లారిదాకా ముక్కలు తిప్పేవారు. లక్ష్మీదేవి ఆ రాత్రి ఎవరు మేలుకున్నారో చూస్తుందని నమ్మకం. మా ఊళ్లో కొందరు ముసలాళ్లు గుండ్రటి గంజపా ముక్కలతో ఆడేవారు, ఎనిమిది రంగులు, 96 ముక్కలు. అవి చూస్తే ఇప్పటి పిల్లలకు కళ్లు తిరుగుతాయి.

ఆ రాత్రి ఆట తెల్లారితే ఆగిపోయేది. మర్నాడు ఎవరూ కూర్చునేవారు కాదు. ఆపడానికి ఒక హద్దు బయటే ఉండేది. మీ పడవ కాసినోలో తెల్లారినా తెలియదు, కిటికీలుండవట కదా. పైగా తిండి, మందు టికెట్‌లోనే అట. ఊరికే పెట్టే చోట ఎవరి డబ్బుతో పెడుతున్నారో ఆలోచించరేం?

ఇచ్ఛాపురం_అల్లుడు (బరంపురం)

తాతగారూ, జూదం వేరు, నైపుణ్యం వేరు అని సుప్రీంకోర్టే చెప్పింది కదా?

పర్లాకిమిడి_పెద్దాయన

చెప్పింది. 1968లో. రమ్మీ గురించి. కేసు మీ ఆంధ్రదే. పోకర్ మాట అందులో లేదు, నేను చదివాను. కోర్టు నైపుణ్యం అన్నంత మాత్రాన నీకు నైపుణ్యం వచ్చేయదు నాయనా.

గుణుపురం_లెక్కలు

పెద్దాయనగారి ఆఖరి వాక్యానికి నా రెండు చేతులెత్తి ఓటు. నేను ప్లస్ టూ పిల్లలకు లెక్కలు చెబుతాను, ముక్క ముట్టను, కానీ ఈ అంకెలు చూస్తే చేయి ఊరుకోలేదు.

ఒక రాత్రికి ఎనిమిది గంటలు, గంటకు 25 చేతులు వేసుకుందాం. 200 చేతులు. 221 చేతులకు ఒకసారి రెండు ఆసులు వస్తాయని సంభావ్యత. అంటే గాలిగారికి ఆ రాత్రి మొత్తానికి రావలసిన ఆసుల వంతు దాదాపు అదొక్కటే, అదీ పోయింది. పాపం.

పోకర్ రాసేవాళ్లు చెప్పే లెక్కల్లో 100 చేతులకు ఊగిసలాట, అంటే స్టాండర్డ్ డీవియేషన్, సుమారు 90 బిగ్ బ్లైండ్లు. 200 చేతులకు 127 దాకా వస్తుంది. బిగ్ బ్లైండ్ 200 రూపాయలు కాబట్టి అటూ ఇటూ పాతిక వేలు. ఇప్పుడు నిజంగా బాగా ఆడేవాడు గంటకు 5 బ్లైండ్లు సంపాదిస్తాడనుకోండి, రాత్రికి 8 వేలు. 8 వేలు రావలసిన చోట పాతిక వేల ఊగిసలాట! లెక్కిస్తే ఆ మంచి ఆటగాడు కూడా పది రాత్రుల్లో దాదాపు నాలుగు ఓడే ఇంటికి వెళతాడు.

ఇక్కడిదాకా ఓదార్పు. ఇకపైన కాదు. అదే లెక్కలో 26 వేల లోటు మంచి ఆటగాడికి పది పన్నెండు రాత్రులకు ఒకసారి వస్తుంది. దాన్ని అదృష్టం ఖాతాలో రాయొచ్చు. 60 వేల లోటు మాత్రం కొన్ని వందల రాత్రులకు ఒకసారి రావలసినది. అది పూర్తిగా ముక్కల తప్పే అంటే నేను నమ్మను. ఎక్కడో ఆట మారింది.

లోటులో సంతోషం గురించి. 1979లో డేనియల్ కానెమన్, ఎమోస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు రాసిన వ్యాసం ఒకటుంది. మనిషి తన దగ్గర మొత్తం ఎంతుందో చూసుకోడు, ఎక్కడ నిలబడి చూస్తున్నాడో అక్కడి నుంచి కొలుస్తాడు. మీరు 48 లోటు దగ్గర నిలబడి కొలిచారు కాబట్టి 26 లోటు మీకు 22 లాభంలా కనిపించింది. అదే వ్యాసంలో ఇంకో మాట ఉంది: పోయినదానితో రాజీపడని మనిషి మామూలుగా ఒప్పుకోని పందేలకు ఒప్పుకుంటాడని. గుర్రప్పందేల్లో రోజు గడిచేకొద్దీ గెలిచే ఆశ తక్కువగా ఉన్న గుర్రాల మీద పందేలు పెరుగుతాయని కూడా రాశారు.

"ఇంతసేపు పోయింది కాబట్టి ఇక రావాలి" అనే మాట ఆ రాత్రి మీకు తట్టి ఉంటుంది. 1913 ఆగస్టు 18న మాంటే కార్లోలో రూలెట్ చక్రం మీద వరసగా 26 సార్లు నలుపు పడింది. ఇక ఎరుపు రాక తప్పదని దాని మీద డబ్బు గుమ్మరించినవాళ్లు మునిగిపోయారు.

గోపాల్‌పూర్_గాలి (బరంపురం)

నల్లమల సొరంగాల్లో సిగ్నల్ పోయింది, ఇప్పుడే వచ్చింది. మాష్టారూ, నమస్కారం. ముక్కల తప్పు 60కి కాదు, 26కే అని నా మనసులో ఎక్కడో ఉంది, మీరు అంకెల్లో పెట్టారు. కొంచెం ఇబ్బందిగానే ఉంది చదవడానికి.

రాయగడ_కోడలు

మాష్టారు చెప్పింది నాకు వేరే దారిలో తెలుసు. నేను పోకర్ టేబుల్ చూడలేదు. కానీ మా ఆయన పుణ్యమా అని రివర్ అంటే ఏమిటో, బ్లైండ్ అంటే ఏమిటో తెలుసు.

ఆయన ఒకసారి 15 వేలు గెలిచి వచ్చారు. ముఖం చూస్తే ఎవరో పోయినట్టుంది. ఏమిటంటే, మధ్యలో 40 దాకా వెళ్లారట, 25 పోయిందట! 15 వేలు తెచ్చి మంచం మీద పడేసి, రాని 25 కోసం రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఇంకోసారి 10 పోగొట్టుకుని ఈల వేసుకుంటూ వచ్చారు, ఎందుకంటే 30 పోవలసింది 10తో బయటపడ్డారట. మా ఇంట్లో గ్యాస్ బండ, స్కూలు ఫీజు మాత్రం ఆయన ఎక్కడ నిలబడి కొలిచారో చూడవు. వాటికి అసలు అంకె కావాలి.

ఇంకోటి. గాలి అన్నయ్యా, "ఇంట్లో తెలుసు" అన్నారు. ఏం తెలుసు? గోవా వెళ్లినట్టు తెలుసా, 60 తీసుకెళ్లినట్టు తెలుసా, 60 పోయినట్టు తెలుసా? ఈ మూడింటికి చాలా తేడా ఉంది. మా ఆయన మొదటిది చెప్పి మూడూ చెప్పేశానంటారు.

తిట్టడానికి రాయడం లేదు. ఆట మానమని కూడా అనను, మా ఆయన రోజంతా పేపర్ మిల్లు షిఫ్టుల్లో తల వంచి పని చేసే మనిషి, ఆయనకూ ఒక సరదా ఉండాలి. కానీ వచ్చాక వినే కథ ఎప్పుడూ ఆ ఒక్క ముక్క గురించే. మిగతా ఎనిమిది గంటల సంగతి ఎవరూ చెప్పరు.

గోపాల్‌పూర్_గాలి (బరంపురం)

అక్కా, రెండోది దాకా తెలుసు. మూడోది విజయవాడ వచ్చేలోపు ఫోన్ చేసి చెబుతాను.

బల్లార్షా_బాబు (చంద్రపూర్ జిల్లా)

మా వైపు నుంచి ఒక సలహా. 20 వేలు పోతే లేచిపోవాలి అని ముందే అనుకుని కూర్చోండి. స్టాప్ లాస్. కథ ముగిసింది. ఇంత చర్చ ఎందుకు?

నది_ముక్క (జెపూర్)

బాబు గారూ, అది నేను పూర్తిగా ఒప్పుకోను. ముక్కలకు మీరు ఎంత పోగొట్టుకున్నారో తెలియదు. మీరు బాగా ఆడుతుంటే, టేబుల్ మీద మందు తాగి తెల్లారిదాకా కూర్చున్న వాళ్లుంటే, 20 పోయింది కదా అని లేవడం నష్టం. మూడింటికి టేబుల్ సాధారణంగా మెత్తబడుతుంది. అందరూ లోటులో ఉండి అందరూ కాల్ చేస్తుంటారు. బుర్ర చల్లగా ఉన్నవాడికి అదే పంట.

అయితే ఆ "బుర్ర చల్లగా" అన్నదే తిరకాసు. నా బుర్ర చల్లగా ఉందని చెప్పేది కూడా ఆ బుర్రే. అందుకని నేను డబ్బు మీద కాకుండా ఆట మీద గుర్తులు పెట్టుకున్నాను. మొదటి స్థానంలో, అంటే అందరికంటే ముందు ఆడాల్సిన చోట, కూర్చుని రాజు-తొమ్మిది వంటి బలహీనమైన ముక్కలు ఆడాలనిపించిందా? లేస్తాను. పెద్ద బ్లైండ్ల టేబుల్ వైపు మెడ తిరిగిందా? లేస్తాను. ఒక మనిషిని గెలవాలనిపించిందా, డబ్బు కాదు, ఆ మనిషిని? అప్పుడు డెక్ మీదికి వెళ్లి మాండవి గాలి పీల్చుకుని వస్తాను, వచ్చాక కూడా అలాగే ఉంటే చిప్స్ ట్రేలో పెట్టి క్యాషియర్ దగ్గరికి.

డబ్బు హద్దు వల్ల ఉపయోగం లేదనను. కార్డు హోటల్లో వదిలి, నగదు మాత్రం తీసుకెళ్లండి. అది అలసిపోయిన మనిషికి తాళం. కానీ దాన్ని తెలివి అనుకోవద్దు.

బల్లార్షా_బాబు (చంద్రపూర్ జిల్లా)

మీలాంటి వాళ్లకు మీ గుర్తులు పనిచేస్తాయేమో. నూటికి తొంభై మందికి అంకె ఉంటేనే మంచిది. నేను నా మాట మీదే ఉంటాను.

కొరాపుట్_సిస్టర్

ఆసుపత్రిలో నర్సును. ఆటలోతులు తెలియవు కానీ ఒక విషయం ఇక్కడ ఉండాలని రాస్తున్నాను. మానసిక వైద్యులు జబ్బులు గుర్తించడానికి వాడే డీఎస్ఎం-5 అనే పుస్తకంలో, 2013లో, జూదాన్ని మందు, మాదకద్రవ్యాల వ్యసనాలున్న అధ్యాయంలోకి మార్చారు. తొమ్మిది లక్షణాలిచ్చి, ఏడాదిలో నాలుగు కనిపిస్తే జబ్బు కింద లెక్క అన్నారు. పోయింది రాబట్టుకోవడానికి ఇంకోరోజు మళ్లీ వెళ్లడం, ఎంత ఆడుతున్నారో దాచి అబద్ధం చెప్పడం, ఆపితే చిరాకు, ఆ డబ్బు కోసం ఇతరుల మీద ఆధారపడటం వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. గాలిగారు చెప్పినదాంట్లో నాకు ఇవి కనిపించలేదు, భయపెట్టడం లేదు. చదివేవాళ్లలో ఎవరికైనా తగిలితే టెలి మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి. డబ్బులు తీసుకోరు, తెలుగులోనూ మాట్లాడతారు.

గోపాల్‌పూర్_గాలి (బరంపురం)

థాంక్స్ సిస్టర్. ఇంటికి ఫోన్ చేశాను. "సరే, ముందు భోంచేశావా" అంది. అక్కడితో ఆగింది, మిగతాది ఇంటి దగ్గర ఉంటుంది, తెలుసు.

రాయగడ అక్క చివర అన్న మాట పట్టుకుని, ఆ రాత్రిని గంటలవారీగా కాగితం మీద రాశాను. ఫోన్‌లో బై-ఇన్ (చిప్స్ కొన్న) మెసేజ్‌ల టైములున్నాయి కాబట్టి ఇది ఊహ కాదు.

ఎనిమిది నుంచి పది: 9 వేలు లాభం.
పదిన్నర లోపు: ఆసులు, 18 పోయింది.
పదకొండున్నరకు టీ కప్పు. ఆ చేతిలో నేను పెట్టింది మహా అయితే 1,500.
అక్కడి నుంచి రెండుంపావు దాకా మిగతాది. నది_ముక్క అన్న చెప్పినట్టే ఢిల్లీ ఆసామిని మూడుసార్లు కాల్ చేశాను, మూడుసార్లూ ఆయన దగ్గర ముక్కలున్నాయి.
రెండున్నర లోపు ఫ్లష్, 22 వచ్చింది.
రెండున్నర నుంచి ఐదు: 34 వేలు. సున్నా.

ఈ ఆఖరి రెండున్నర గంటల్లో ఒక్క చెయ్యి కూడా గుర్తులేదు. ఆసుల చేతిలో ఐదు ముక్కలూ రంగులతో సహా చెప్పగలను. 34 వేలు ఏ ముక్కల మీద పోయిందో చెప్పలేను.

రాయగడ_కోడలు

ఒక్కటి అడుగుతాను. ఆ 34 పోతున్నప్పుడు ఏమనిపించింది? కోపమా, భయమా?

గోపాల్‌పూర్_గాలి (బరంపురం)

ఏమీ అనిపించలేదక్కా. 26 పూడ్చాలి, అంతే. చిప్స్ బిళ్లల్లా కనిపించాయి. ఆఖరి 6 వేలు తోసినప్పుడు, అయిపోతే పడుకోవచ్చు అనుకున్నట్టు గుర్తు.

నది_ముక్క (జెపూర్)

ఇదీ సంగతి. కోపం వచ్చే టిల్ట్‌ను అందరూ గుర్తుపడతారు, పక్కవాడైనా చెబుతాడు. అది నీ దగ్గర తీసుకున్నది కొన్ని కాల్స్ మాత్రమే. ఏమీ అనిపించని టిల్ట్ బయటికి చూస్తే ప్రశాంతంగా ఆడుతున్నట్టే ఉంటుంది. డీలర్‌కూ తెలియదు, నీకూ తెలియదు. నా గుర్తుల జాబితాలో ఇది లేదు, ఈ రోజు చేరుస్తున్నాను: ఇప్పుడే ఆడిన చేతిని మనసులో మళ్లీ చెప్పుకోలేకపోతే లేవాలి.

గుణుపురం_లెక్కలు

34 వేలంటే మొత్తం 60లో సగానికి పైన. నేను అడిగిన "ఎక్కడో" దొరికింది.

బల్లార్షా_బాబు (చంద్రపూర్ జిల్లా)

20 దగ్గర లేచి ఉంటే ఈ కాగితం అవసరమే ఉండేది కాదు. ఊరికే అంటున్నా.

కొత్త_జోకర్ (ఛత్రపురం)

అన్నలూ, అంతా చదివాను. డిసెంబర్‌లో ఫ్రెండ్స్‌తో గోవా వెళ్తున్నాం, రమ్మీ బాగా వచ్చు, పోకర్ కొత్త. రేక్ అంటే ఏమిటి, ఎంత పోతుంది?

నది_ముక్క (జెపూర్)

ప్రతి పాట్‌లోంచి కాసినో తీసుకునే వాటా. సుమారు 5 శాతం, ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది, చోటును బట్టి మారుతుంది, కూర్చునే ముందే డీలర్‌ను అడుగు. గాలి తమ్ముడి ఫ్లష్ చేతిలో ముగ్గురివి 12 వేల చొప్పున 36 పోగైతే అతనికి 34 చేరింది చూశావా, ఆ తేడా అదే. అంటే టేబుల్ మీద అందరూ సమానంగా ఆడినా అందరూ కొంచెం ఓడతారు. రమ్మీ అలవాటుతో ప్రతి చెయ్యీ ఆడాలని చూడకు. మొదటి గంట పారేస్తూ కూర్చో, విసుగు పుడితే భోజనం బాగుంటుంది, వెళ్లి తిను.

ఇచ్ఛాపురం_అల్లుడు (బరంపురం)

పక్కన ఎవరైనా టీ అడిగితే మాత్రం జాగ్రత్త.